ఔమిన్ అన్నాక అందుకున్న పందెం

"ఆ చెత్త ముక్కలు పట్టుకుని నా పందెం అందుకుంటావా? పెద్దంతరం చిన్నంతరం లేదా నీకు?"

కప్చగాయ్ సరస్సు ఒడ్డున ఉన్న కాసినోలో, హాలంతా వింటుండగా, ఎసెన్‌గెల్ది పెద్దాయన జౌరేష్‌ను అడిగిన ప్రశ్న ఇది. ఆమె దగ్గర జవాబు ఉంది, కానీ పెద్దాయనతో వాదించడం ఇష్టంలేక నోరు మూసుకుంది. జవాబు బిళ్ళలతో చెప్పింది. మా ఊళ్ళో సగం మంది ఇప్పటికీ ఆమె చేసింది తప్పంటారు. ఆ సగంలో పేకాట బాగా వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. నాకు విడ్డూరంగా అనిపించేది అదే.

జౌరేష్ యాభై దాటిన మనిషి. ఆల్మాతీ నగరానికి వెళ్ళే రోడ్డు పక్కన పొగబెట్టిన చేపలు అమ్ముతుంది. కొట్టు ముందు తీగకు బ్రీమ్, కార్ప్ వరసగా వేలాడుతుంటాయి. కార్లు ఆగుతాయి, బేరాలు సాగుతాయి. వాసన ఆమె చేతుల్నించి పండక్కి కూడా పోదు. మొగుడు కువానిష్ చైనా సరిహద్దు దాకా లారీ తోలతాడు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. పక్క కొట్టు ల్యుద్‌మిలా పాక్‌ది. కొరియన్ల ఆడపడుచు, కారం దట్టించిన క్యారెట్ పచ్చడి అమ్ముతుంది. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకోని రోజు లేదు, ఒకరు లేకుండా ఇంకొకరు టీ తాగిన రోజూ లేదు.

చలికాలం సరస్సు గడ్డకట్టాక రోడ్డు మీద కొనేవాడు ఉండడు. ఆ రోజుల్లో కాసినోవాళ్ళు గురువారాలు చవక టోర్నమెంటు పెట్టి, ఆడేవాళ్ళకు వేడి పలావు ఉచితమన్నారు. ల్యుద్‌మిలా పలావు కోసం వెళ్ళింది, జౌరేష్‌ను లాక్కెళ్ళింది. ల్యుద్‌మిలాకు పలావే నచ్చింది. జౌరేష్‌కు ఆట పట్టుకుంది.

ఆట తెలియనివాళ్ళకు నాలుగు మాటలు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు, అందరికీ ఉమ్మడిగా బల్ల మధ్య ఐదు ముక్కలు తెరుస్తారు. టోర్నమెంటులో అందరికీ మొదట సమానంగా బిళ్ళలిస్తారు. అవి అయిపోయినవాడు లేచిపోవాలి. ప్రతి ఆటకూ ఇద్దరు తమ ముక్కలు చూడకముందే ముందు పందెం కట్టాలి, ఒకరు చిన్నది, ఒకరు పెద్దది. చిన్నది పెద్దదాంట్లో సగం. ఇవి కాక అందరూ తలా కాస్త వేసేది కలిపి ఇంకో పెద్ద పందెమంత అవుతుంది. ముందు పందేల వంతు బల్ల చుట్టూ తిరుగుతుంది. బిళ్ళలు తగ్గిపోయినవాడు ఎక్కడో ఒకచోట తెగించి ఉన్నవన్నీ ముందుకు నెడతాడు. అదే ఆల్ ఇన్. అప్పుడు ఎదుటివాడు ముక్కలు పారెయ్యాలి, లేదా అంత పందెం తనూ కట్టి అందుకోవాలి. మనుషులు బోల్తాపడేది ఇక్కడే. తమ చేతిలో ఏముందో చూసుకుంటారు, బల్ల మీద ఏముందో చూడరు.

మా కప్చగాయ్‌లో బోల్తాపడడానికి ఇంకో కారణం కూడా ఉంది. దాని పేరు ఎసెన్‌గెల్ది.

ఆయన కుస్తీ నేర్పిన మాస్టరు, రిటైరై చాలా కాలమైంది. చెవులు రెండూ నలిగి గట్టిపడి ఉంటాయి, తల మీద మఖమల్ టోపీ. ఊళ్ళో నలభై దాటిన మగాళ్ళలో ఆయన చేత చాప మీద పడనివాడు తక్కువ. టోర్నమెంటులో బిళ్ళలు అడుగంటే వేళకు ఆయన రెండు అరచేతులూ ఆకాశానికి తెరుస్తాడు. భోజనాల చివర పెద్దలు దీవించినట్టే, తాపీగా, గొంతు సవరించుకుని, "దారి తెరుచుకోవాలి, చెయ్యి తడి ఆరకూడదు, ఇక్కడ కూర్చున్నవాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి చల్లారకూడదు" అంటాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా చేతులు తెరిచి, ముఖాలు తుడుచుకుని, "ఔమిన్" అంటారు, అలాగే జరగాలని. ఎవరూ ఆలోచించి అనేది కాదు, చిన్నప్పట్నించీ చేతులకు అలవాటైపోయింది. ముక్కలు పంచేవాడు కూడా అంటాడు. ఆ తర్వాత పెద్దాయన తన బిళ్ళలన్నీ ముందుకు నెడతాడు.

ఆయన దారి తెరుచుకోవాలని ఇప్పుడే ఔమిన్ అన్నవాడు, అదే నోటితో ఆ దారికి అడ్డంపడతానని ఎలా అంటాడు? అందరూ ముక్కలు పారేస్తారు. ముందు పందేలు పెద్దాయన ఒళ్ళో పడతాయి. మళ్ళీ కాసేపటికి చేతులు తెరుచుకుంటాయి. ఆయన మోసగాడని నేనను. తన దీవెన ఫలిస్తోందనే ఆయన నిజంగా నమ్మాడు, నమ్మడానికి ప్రతి గురువారం రుజువు దొరుకుతూనే ఉంది. పెద్దల మీద గౌరవం మంచిదే, దాన్ని బిళ్ళలుగా మార్చుకునే వీలు లేనంతవరకు.

జౌరేష్‌కు చిక్కు ఇంకాస్త ఎక్కువ. కువానిష్‌దీ పెద్దాయనదీ ఒకే వంశం. అంటే ఆయన ఆమెకు మామగారి వరస. మా కోడళ్ళు మామ వరసవాళ్ళ పేరు కూడా నోట పలకరు. మరి అలాంటాయన పందేన్ని పనికిమాలిన ముక్కలతో అందుకోవడమంటే, మొహం మీద అబద్ధాలాడుతున్నావని అనడంతో సమానం.

ఒక వసంతకాలం టోర్నమెంటులో పెద్ద ముందు పందెం జౌరేష్ వంతు. పెద్దాయన దీవించి, మిగిలిన ఐదు వేలూ నెట్టాడు. మిగతావాళ్ళు పారేశారు. జౌరేష్ తన ముక్కలు చూసుకుంది: ఏడు, నాలుగు, రంగు కూడా కలవలేదు. పారేసింది. ఆ బిళ్ళలతో ఊపిరి తీసుకున్న పెద్దాయన గంటలో లేచి కూర్చుని, చివరికి రెండో బహుమతి పట్టుకుపోయాడు. జౌరేష్ బహుమతుల గడప దగ్గరే ఆగిపోయింది.

మర్నాడు పొద్దున కొట్టు దగ్గర టీ పోస్తూ ల్యుద్‌మిలా మొదలుపెట్టింది.

"నిన్న మీ మావకి ఏం ముక్కలు పారేశావు?"

"ఏడూ నాలుగూ. పారెయ్యక ఏం చెయ్యను?"

"నువ్వు ఇంకా ఎంత కట్టాలి?"

"రెండు వేలు ముందే కట్టున్నా. ఇంకో మూడు వేలు."

"బల్ల మీద ఎంతుంది?"

జౌరేష్ టీలో పాలు కలుపుకుంది.

"పది వేలు. వెనకాల నించుని నేను చూశాగా," అంది ల్యుద్‌మిలా. "సాయంత్రం మిగిలిపోయిన చేపని సగం ధరకిస్తావు. కొనేవాడు ఇది గొప్ప చేపేనా అని అడుగుతాడా? ఆ ధరకి తినొచ్చా అని చూస్తాడు. మూడు వేలకి పది వేలొస్తున్నాయి, నువ్వేమో ఏడు బాలేదు, నాలుగు బాలేదని ఏడుస్తున్నావు."

"అది చేప. ఆయన మావయ్య."

"మావయ్యని కొట్టమన్నానా? మూడు వేలు కట్టమన్నా."

ఈ మాటకు జౌరేష్‌కు కోపమొచ్చింది. మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. మధ్యాహ్నం పేక పట్టుకుని పక్క కొట్టులోకి వెళ్ళి, చేపల పెట్టె తిరగేసి బల్ల చేసింది.

ఆ వేసవీ, ఆ తర్వాతి చలికాలమూ బేరాల్లేని వేళల్లో ఇద్దరూ అదే పని. ల్యుద్‌మిలా తనకు ఆసూ రాజూ తెరిచి పెట్టుకునేది. జౌరేష్‌కు ఏడూ నాలుగూ, ఎనిమిదీ మూడూ, తొమ్మిదీ రెండూ. మధ్యలో ఐదు ముక్కలు తెరవడం, ఎవరు గెలిచారో చూడడం, మళ్ళీ కలపడం. ముక్కలకు పొగ వాసనా కారం మరకలూ పట్టాయి. జౌరేష్ అనుకున్నది వేరు, తేలింది వేరు. ఆ చెత్త ముక్కలు ఆసూ రాజూ మీద పదిసార్లూ ఓడతాయనుకుంది. మూడిట్లో ఒకసారి దాకా గెలుస్తున్నాయి. ఎదుటివాడి చేతిలో పెద్ద జంట ఉంటే మాత్రం ఐదిట్లో ఒకటి దక్కడమే గగనం. కానీ తెగించి నెట్టే మనిషి దగ్గర ప్రతిసారీ జంట ఎక్కణ్ణించి వస్తుంది? మూడు వేలకు పది వేలొచ్చే చోట నాలుగిట్లో ఒకసారి గెలిచినా నష్టం లేదు. అంటే ఆ వసంతంలో ఆమె పారేసింది ముక్కల్ని కాదు, లాభాన్ని.

ఇది తెలిశాక జౌరేష్ వెంటనే తెలివిగా ఆడిందని రాస్తే బాగుంటుంది. నిజం అది కాదు. తెలిసిన కొత్తలో ఆమెకు పూనకం వచ్చినట్టయింది. గురువారాలు ఎవరు ఎంత నెట్టినా అందుకోవడమే. నెట్టినవాడి దగ్గర గుట్టలుగా ఉన్నా సరే, తన తర్వాత ఇంకా ఇద్దరు మాట్లాడాల్సి ఉన్నా సరే, ఓడితే తనకు ఏమీ మిగలకపోయినా సరే. నెలరోజులు అందరికన్నా ముందు లేచి పలావు దగ్గరికి వెళ్ళింది. "పలావు కోసం నేనొచ్చాననుకున్నా, నువ్వొస్తున్నావా?" అని ల్యుద్‌మిలా ఎత్తిపొడిచింది. ధర చూడమంటే ప్రతి చేపనూ కొనమని కాదు కదా. నెట్టినవాడి దగ్గర ఎంతుందో, ఓడితే తన దగ్గర ఎంత మిగులుతుందో చూశాకే ధర అనేది తేలుతుంది. అది ఒంటబట్టడానికి జౌరేష్‌కు ఇంకో చలికాలం పట్టింది. ముక్కలు అన్నిటికన్నా చివర చూడడం అలవాటు చేసుకుంది. వంతు వచ్చేదాకా వాటిని ముట్టుకునేది కాదు.

పెద్దాయన మీద మాత్రం అప్పటికీ అందుకోలేదు. ఆయన కూర్చున్న బల్ల దగ్గర ఆమె లెక్క చేతులదాకా వచ్చి ఆగిపోయేది.

పోయిన శరదృతువులో కొట్టు యజమాని సబిత్ వచ్చి, ఆల్మాతీకి కాపురం మారుస్తున్నాననీ కొట్టు అమ్మేస్తున్నాననీ చెప్పాడు. పద్దెనిమిది లక్షల తెంగే. టైర్లు అమ్మేవాడొకడు మొత్తం రొక్కం ఇస్తానంటున్నాడు. జౌరేష్ సోమవారానికల్లా పద్నాలుగు లక్షలు కడితే మిగతాది వేసవికి ఇవ్వొచ్చు, లేకపోతే కొట్టు టైర్లవాడిది. జౌరేష్ దగ్గర ఎనిమిది లక్షలున్నాయి. కువానిష్ లారీ మీద అప్పటికే అప్పుంది. బ్యాంకువాళ్ళు చేపల వాసన తగలగానే కాగితాలు చాలవన్నారు.

ఆ ఆదివారం కాసినోలో శరత్కాలపు పెద్ద టోర్నమెంటు ముగింపు. ప్రవేశ రుసుము సగం జౌరేష్ గురువారాల గెలుపుల్లోంచి తీసింది, మిగతా సగం ల్యుద్‌మిలా పెట్టింది, వచ్చినదాంట్లో సగం ల్యుద్‌మిలాది. లెక్క చిన్నదే. మూడో బహుమతి పన్నెండు లక్షలు, జౌరేష్ వాటా ఆరు, కొట్టు దక్కుతుంది. నాలుగోది ఎనిమిది లక్షలు, వాటా నాలుగు, కొట్టు పోతుంది.

ఆదివారం మధ్యాహ్నానికి బల్ల దగ్గర నలుగురు మిగిలారు. బిళ్ళలు కొండలా పోగేసుకున్న ఆల్మాతీ దంతవైద్యుడు, లగ్మాన్ నూడుల్స్ హోటలు నడిపే ఉయ్‌గుర్ ఆయన, జౌరేష్, అందరికన్నా తక్కువ బిళ్ళలతో ఎసెన్‌గెల్ది. వీళ్ళలో ఒకరు లేస్తే మిగిలినవాళ్ళకు మూడో బహుమతి ఖాయం. బల్ల చుట్టూ ఉన్న కటకటాలకు అవతల ల్యుద్‌మిలా పలావు పళ్ళెం పట్టుకుని నిలబడింది, తినడం లేదు.

పెద్ద ముందు పందెం జౌరేష్ వంతు. పెద్దాయన అరచేతులు తెరిచాడు. దారి తెరుచుకోవాలన్నాడు, పొయ్యిలు చల్లారకూడదన్నాడు. నలుగురూ ముఖాలు తుడుచుకున్నారు. జౌరేష్ కూడా "ఔమిన్" అంది. పెద్దాయన అరవై వేలూ నెట్టాడు. దంతవైద్యుడు పారేశాడు, హోటలాయన పారేశాడు, ఇద్దరూ జౌరేష్ కూడా పారేస్తుందని అప్పుడే తర్వాతి ఆటకు సర్దుకు కూర్చున్నారు.

జౌరేష్ ముందు బల్ల చూసింది. ఇంకో నలభై వేలు కడితే లక్షా పది వేలున్నాయి. ఓడినా తనకు రెండు లక్షల పైచిలుకు మిగులుతుంది. ఆ తర్వాత ముక్కలెత్తింది. ఎనిమిది, మూడు.

"అందుకుంటున్నా," అంది.

ముక్కలు పంచేవాడు వినబడనట్టు చూశాడు. ఆమె నలభై వేల బిళ్ళలు ముందుకు జరిపి, ముక్కలు తెరిచింది. అప్పుడే పెద్దాయన ఆ ప్రశ్న అడిగాడు, పెద్దంతరం చిన్నంతరం లేదా అని. కటకటాల అవతల ఎవరో నాలుక చప్పరించారు. పెద్దాయన దగ్గర రాజూ తొమ్మిదీ ఉన్నాయి. మధ్యలో ఐదు ముక్కలు తెరుచుకున్నాయి. ఎనిమిదీ రాలేదు, మూడూ రాలేదు. బిళ్ళలు పెద్దాయన వైపు వెళ్ళాయి.

"చూశావా కోడలా," అన్నాడాయన, గొంతులో కోపం పోయి జాలి వచ్చింది. "దీవెనకి అడ్డం పడకూడదు."

జౌరేష్ మిగిలిన బిళ్ళలు దొంతర పెట్టుకుంది. హోటలాయన తల దించుకుని నవ్వుకున్నాడు.

ఓ వరస తిరిగింది. మళ్ళీ ఆమె వంతు వచ్చింది, మళ్ళీ అరచేతులు తెరుచుకున్నాయి, మళ్ళీ ఔమిన్. ఈసారి పెద్దాయన దగ్గర లక్షా యాభై వేలున్నాయి, అన్నీ నెట్టాడు. బల్ల మీద రెండు లక్షలు. కానీ కట్టాల్సింది లక్షా ముప్పై వేలు. ఐదిట్లో రెండుసార్లు గెలిస్తేనే గిట్టుబాటు. పైగా ఓడితే తనకు మిగిలేది చిల్లర. ముక్కలెత్తింది: తొమ్మిది, నాలుగు. ఇందాకటికన్నా మెరుగే. పారేసింది.

హాలు ఊపిరి పీల్చుకుంది. కోడలికి బుద్ధొచ్చిందని నాలుగు వైపులా గుసగుస. పెద్దాయన హుందాగా తల పంకించాడు, తప్పు ఒప్పుకున్న పిల్లను క్షమించినట్టు. ఆమె పారేసింది మర్యాదకు కాదని ఆ హాలులో తెలిసిన మనిషి ఒక్కతే, ఆమె చేతిలో పలావు చల్లారిపోతోంది.

తర్వాత పెద్దాయన దంతవైద్యుడి మీద కూడా అదే దీవెన ప్రయోగించాడు, బిళ్ళలు బాగా పోగయ్యాయి కాబట్టి ఈసారి సగమే నెట్టి. కానీ ఆయన సిటీ మనిషి, ఔమిన్ అంటూనే రెండు రాణులతో ఎదురుపడి పెద్దాయన బిళ్ళల్లో పెద్ద ముక్క కోసుకున్నాడు. ఈలోగా ముందు పందేలు రెట్టింపయ్యాయి. జౌరేష్ వంతు వచ్చేసరికి పెద్దాయన దగ్గర తొంభై వేలు మిగిలాయి. చేతులు తెరుచుకున్నాయి. ఈసారి గొంతు కాస్త బొంగురుపోయింది. దీవెన మాత్రం పొట్టిదవలేదు.

"ఔమిన్," అంది జౌరేష్. ముఖం తుడుచుకుంది. బల్ల చూసింది. కట్టాల్సింది యాభై వేలు, వచ్చేది లక్షా తొంభై వేలు. ఐదిట్లో ఒకసారి గెలిస్తే దాదాపు సరిపోతుంది. ఓడినా కూర్చోవడానికి బిళ్ళలుంటాయి. ముక్కలెత్తింది. ఆరు, రెండు. పేకలో ఇంతకన్నా బీద ముక్కలు వెతకాలంటే కష్టపడాలి.

రెండోసారి కూడా ఓడితే ఆమె ఈ ఊళ్ళో ఏ పెళ్ళికి వెళ్ళినా ఆ ఆరూ రెండూ ఆమెకన్నా ముందు వెళ్ళి కూర్చుంటాయి. అది ఆమెకు తెలుసు. అయినా ఆ బరువు బల్ల మీది లెక్కలో ఎక్కడా లేదు.

"అందుకుంటున్నా, మావయ్యగారూ."

ఈసారి పెద్దాయన ఏమీ అడగలేదు. ఆసూ జాకీ తెరిచాడు. మధ్యలో మొదటి మూడు ముక్కల్లో ఒకటి కళావరు ఆరు. నాలుగోది పది. ఐదోది నాలుగు. జౌరేష్‌కు ఆరు జంట, పెద్దాయనకు ఉత్త ఆసు. దంతవైద్యుడు వెనక్కి వాలాడు. ల్యుద్‌మిలా పళ్ళెం కింద పెట్టింది.

పెద్దాయన లేచి టోపీ సర్దుకున్నాడు. అందరూ అరచేతుల వైపే చూస్తున్నారు. పెద్దలు అలిగి అరచేతులు తిరగేసి దీవిస్తే అది శాపమని మాలో ఓ లెక్క. ఆయన చేతులు ఎత్తలేదు. జౌరేష్ ముక్కల మీదికి వంగి చూశాడు.

"ఆరూ రెండా?"

"అవునండీ."

"ఇందాక నాకు పారేసినవేంటి?"

"తొమ్మిదీ నాలుగూ."

"అవి వీటికన్నా నయం కదా."

"ముక్కలు నయమేనండీ. ధర ఎక్కువ."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. కుస్తీలో శిష్యుడు తనకు తెలియని పట్టు పట్టినప్పుడు మాస్టర్లు ముఖం అలాగే పెడతారు, పొగడరు, తిట్టరు. "అంటే నా దీవెనకి ధర కట్టావన్నమాట," అన్నాడు చివరికి. "కాదండీ. దీవెనకి ఔమిన్ అన్నాను. ధర కట్టింది తొంభై వేలకి." ఆయన పలావు వైపు నడిచాడు.

ఆ తర్వాత జౌరేష్‌ను దంతవైద్యుడు తీరిగ్గా ఊడ్చేశాడు. మూడో బహుమతి. కువానిష్ సరిహద్దు నుంచి ఫోన్ చేసి, మావయ్యను లేపేశావట నిజమేనా అని ఒక్కటే అడిగాడు. నిజమేనంది. అయితే కొట్టు మనదేనా అన్నాడు.

ఊరు రెండుగా చీలి వాదించుకుంది, ఇంకా వాదించుకుంటోంది. గెలిచింది కాబట్టి ఒప్పే చేసిందని వెనకేసుకొచ్చేవాళ్ళంటే నాకు తిట్టేవాళ్ళకన్నా ఎక్కువ చిరాకు. ఎనిమిదీ మూడూతో ఓడినప్పుడు కూడా ఆమె చేసింది ఒప్పే. ఆరూ రెండూ ఓడినా ఒప్పే అయ్యేది. కొట్టు పోయేదేమో, లెక్క మాత్రం మారేది కాదు.

గురువారాల ఆట సాగుతోంది. ఎసెన్‌గెల్ది ఇప్పటికీ అరచేతులు తెరుస్తాడు, బల్ల చుట్టూ ఇప్పటికీ ఔమిన్ అంటారు. ముఖం తుడుచుకున్నాక మాత్రం కొందరు బల్ల వైపు చూస్తున్నారు, ఒకరిద్దరు అందుకుంటున్నారు. పెద్దాయన జౌరేష్ కొట్టు ముందు ఆగడం మానేశాడు; ఆయన భార్య ఎప్పటిలాగే శనివారాలు వచ్చి, బేరమాడి, రెండు బ్రీమ్‌లు పట్టుకెళ్తుంది.

కొట్టు మీద సబిత్‌కు ఇంకా నాలుగు లక్షల తెంగే ఇవ్వాలి.